దేవర అడిగిన నంబరు

మనిషి విలువ ముఖాన్ని బట్టి తెలియదు, ఇంటి తలుపును బట్టి తెలుస్తుంది. తలుపు విలువ దానికున్న తాళాన్ని బట్టి తెలుస్తుంది. ఈ పరమసత్యాన్ని హాలియాలో మొట్టమొదట కనిపెట్టినవాడు ఎరువుల దుకాణం నాగేందర్. కనిపెట్టి ఊరుకోలేదు, ఒకనాటి పొద్దున చాయ్ తాగుతూ ఇంటిల్లిపాదికీ ప్రకటించాడు. పిల్లలు హాస్టళ్లలో ఉన్నారు కాబట్టి ఇంటిల్లిపాది అంటే ఇద్దరే. భార్య కౌసల్య, తల్లి గుర్వమ్మ.

"ఇగ మన తలుపుకు చెవి ఉండది. నంబరుంటది. నంబరు కొడితె తెరుసుకుంటది, మూస్తె దానంతటదే పడ్తది."

"చెవులు లేని తలుపేందిరా. ఎవలన్న పిలిస్తె ఎట్ల ఇంటది?" అన్నది గుర్వమ్మ.

కౌసల్య మాత్రం నవ్వలేదు. ఆమెకు వేరే అనుమానం వచ్చింది.

"పొద్దుమూకంగ దీపం పెట్టేయాళ్లకు తలుపు తెరిసిపెడ్తం గద, లక్ష్మి వచ్చేయాళ్లని. అది దానంతటదే పడిపోతె లక్ష్మి ఎట్లొస్తది?"

"లక్ష్మికి తాళమంటెనే పాణం," అన్నాడు నాగేందర్. "బ్యాంకుల జూడు. తలుపు తెరిసిపెట్టిన బ్యాంకు ఏడన్న ఉన్నదా?"

ఈ మాటకు ఎదురు చెప్పే చదువు కౌసల్యకు లేదు. ఆమె చదివింది ఏడో తరగతి. బ్యాంకులోకి వచ్చే లక్ష్మి, ఇంట్లోకి వచ్చే లక్ష్మి ఒకరేనా అని మాత్రం మనసులో అనుకొని చాయ్ గిలాసలు కడగటానికి పోయింది.

నిజానికి నాగేందర్‌కు దొంగల భయం లేదు. ఇంట్లో దొంగిలించదగ్గ వస్తువు ఒక పాత ఫ్రిజ్జు. దాన్ని ఎత్తుకుపోతే ఆయనే సంతోషిస్తాడు. ఆయన మనసు దేవర పెట్టె మీద ఉంది.

నాగేందర్ కులపోళ్లు ఒకప్పుడు అందరూ గొర్లు కాసినవాళ్లే. సాగర్ కాలువ వచ్చాక కొందరు వరి మళ్లలోకి, కొందరు హాలియా బజారుకు దిగారు. కొందరికి ఇప్పటికీ మందలున్నాయి. ఎవరెక్కడికి చెదిరినా అందరికీ కలిపి ఒకే దేవర పెట్టె. ఇత్తడి మొలలు కొట్టిన చెక్కపెట్టెలో మల్లన్న, ఆయన ఇద్దరు భార్యల బొమ్మలు, వెండి కండ్లు, పసుపు బండారి సంచి ఉంటాయి. మాఘమాసంలో పండుగ చేసి పెట్టెను ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మారుస్తారు. ఏ ఇంటికి పోవాలో కులపెద్ద సాయిలు చెబుతాడు. ఏడాదిపాటు దేవర ఆ ఇంట్లోనే ఉంటాడు.

పెట్టె ఉన్న ఇంటికి నియమాలు కష్టమైనవేమీ కావు. ఇల్లాలు రోజూ దీపం పెట్టాలి. పగటిపూట వాకిలి తలుపు మూయొద్దు. ఆపదలో ఉన్నవాళ్లు ఏ యాళ్లలో వచ్చినా నేరుగా లోపలికి వచ్చి, బండారి నొసట పెట్టుకొని, దేవరతో తమ గోడు చెప్పుకొని పోవాలి. వాళ్లను ఎందుకొచ్చారని అడగకూడదు.

కాపురానికి వచ్చిన నాటి నుంచి కౌసల్యకు ఒకటే ఆశ, పెట్టె తమ ఇంటికి రావాలని. మొదట కిరాయి ఇండ్లల్లో ఉన్నారు, కిరాయి ఇంటికి దేవర రాడు. ఇప్పుడు సొంత ఇల్లు కట్టారు. ఒక్క ఏడాది తన చేత్తో దేవర ముందు దీపం పెట్టాలి, పొద్దున పనంతా అయ్యాక పెట్టె ముందు కూర్చొని, ఏమీ అడగకుండా, ఊరికే మాట్లాడాలి. అంతకు మించి ఆమె కోరుకున్నది లేదు.

నాగేందర్ భక్తి ఇంకొంచెం వెడల్పైనది. పండుగకు కట్టే ఫ్లెక్సీ మీద పెట్టె ఉన్న ఇంటాయన ఫొటో నిలువెత్తు వేస్తారు. మిగతా కులపోళ్ల ఫొటోలు కింద చింతగింజలంత ఉంటాయి. ఆయన నాలుగేండ్లుగా చింతగింజగానే ఉన్నాడు.

ఆ ఏడు పెట్టె ఆయన చెల్లెలి మొగుడు ఐలేశం ఇంట్లో ఉండేది. అప్పుడు జరిగింది ఒక ఘోరం. పెట్టెతోపాటు ఉండే ఇత్తడి గంట మాయమైంది. ఊరంతా వెతికారు. చివరికి ఐలేశం మందలోనే ఒక గొర్రెపిల్ల మెడలో దొరికింది. ఎవరో పిల్లలు ముచ్చటపడి కట్టారు.

కులం కూర్చున్న రోజున నాగేందర్ లేచి నిలబడ్డాడు.

"దేవర గంట పోయి గొర్రెపిల్ల మెడల పడ్డది. రేపు దేవర వెండి కండ్లు మేకపోతుకు పెడ్తరు. దేవర సొమ్ముకు రక్షణ ఏది?"

"గొర్లు కాసే దేవరనేనాయె బావా," అన్నాడు ఐలేశం. "గొర్రెపిల్ల మెడల ఉంటె ఆయనకు కోపమొచ్చిందని నీకు జెప్పిండా?"

కొందరు నవ్వారు. అయినా అనుమానం అనుమానమే. రక్షణ ఉన్న ఇల్లు చూడాలని సాయిలు అన్నాడు. అంతే, నాగేందర్ మరునాడే కౌసల్యను బొలెరోలో ఎక్కించుకొని నల్లగొండకు పోయాడు.

దుకాణంలో తాళాల వరుస చూసి కౌసల్య కండ్లు తిరిగాయి. కొన్నిటికి వేలు పెట్టాలి, కొన్నిటికి కార్డు చూపాలి, కొన్ని ఫోనుతో తెరుచుకుంటాయి. అమ్మే పిల్లవాడు ఓపికగా చెప్పాడు. గడియ ఎంత లావుగా ఉందో, చట్రంలోకి ఎంత లోతుకు దిగుతుందో, బ్యాటరీ అయిపోయే ముందు ఎట్లా మొత్తుకుంటుందో అన్నీ చెప్పాడు. నాగేందర్ అన్నీ విని ఒకే ప్రశ్న వేశాడు.

"రోడ్డు మీదికెళ్లి కనవడ్తదా?"

"ఏంది సార్?"

"లైటు. తొవ్వల పోయెటోళ్లకు కనవడాలె గద."

పిల్లవాడు ఒకటి తీసి చూపించాడు. నల్లగా, అరచేతి వెడల్పున ఉంది. ముట్టుకుంటే అంకెలు నీలంగా వెలిగాయి. అది ఇంగ్లీషులో ఆడగొంతుతో మాట్లాడుతుంది కూడా. నాగేందర్ దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు.

"వేలు పెట్టేది మంచిగుంటదేమో, మర్చిపోయేది ఉండది," అన్నది కౌసల్య.

"వేలు అందరికి ఉంటది. నంబరు తెల్సినోళ్లకే ఉంటది," అన్నాడాయన.

తాళం బిగించటానికి వడ్రంగి ఇస్రాయేలు వచ్చాడు. నాగేందర్ ఇంటి తలుపు మామూలుది కాదు, టేకుది. దాని మీద గజలక్ష్మి, ఇటొకటి అటొకటి ఏనుగులు, తొండాలతో అమ్మవారికి నీళ్లు పోస్తూ ఉంటాయి. ఇస్రాయేలు కొలత పెట్టి చూసి, పెన్సిల్ చెవిలో పెట్టుకొని నిలబడ్డాడు.

"సారు, ఈడ తొలిస్తె కుడిదిక్కు ఏనుగు మొఖం పోతది. కిందికి పెడితె మంచిగుంటది."

"కిందికి పెడితె గేటు అడ్డమొస్తది, కనవడది. ఏనుగులు రెండున్నయ్ గద."

"ఇంకోదానికి గూడ తాళం తెస్తరా ఏంది?" అన్నాడు ఇస్రాయేలు, తొలిచే యంత్రానికి వైరు తగిలిస్తూ.

కుడిదిక్కు ఏనుగు ముఖం పోయింది. దాని జాగాలో నీలం అంకెలు వచ్చాయి. కౌసల్య అప్పుడే కడిగిన వాకిట్లో చెక్కపొట్టు ఊడుస్తూ, మిగిలిన ఒక్క ఏనుగుతో అమ్మవారికి స్నానం సరిపోతుందా అని ఆలోచించింది.

ఇక నంబరు. ఎవరికీ తెలియని నంబరు పెట్టాలని తాళంతో వచ్చిన కాగితంలో ఉంది. నాగేందర్ బొలెరో నంబరు పెట్టాడు. దాన్ని కూడితే తొమ్మిది వస్తుంది. ఆ నంబరు కోసం ఆయన ఆర్టీవో ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు. తొమ్మిది రాని నంబరుతో సొంత ఇంట్లోకి అడుగుపెట్టటం ఆయనకు చేతకాదు.

"బండి ఎన్క రాసే ఉన్నది గదయ్యా. ఊరందరికి కనవడ్తది," అన్నది కౌసల్య.

"బండి నంబరే తలుపు నంబరని ఎవనికి తెలుస్తది? గదే తెలివి."

గుర్వమ్మకు మాత్రం నంబరు చెప్పలేదు. "అమ్మ నోట్ల నువ్వుగింజ నానది," అని ఆయన తీర్మానం. అందువల్ల ఆమె పక్క బజారుకు పోయి ముచ్చట పెట్టి వచ్చినప్పుడల్లా తలుపు తట్టాలి. ఒకనాడు కోపమొచ్చి అంకెలన్నీ వరుసగా నొక్కింది. తాళం ఇంగ్లీషులో ఏదో అన్నది. కౌసల్య పరుగెత్తుకొచ్చి తలుపు తీసేసరికి ముసలామె చేతులు నడుం మీద పెట్టుకొని నిలబడి ఉంది.

"లోపటికెళ్లి ఒకామె మాట్లాడతాంది. నన్ను రావద్దన్నట్టే ఉన్నది. ఈ ఇంటి కోడలివి నువ్వా, అదా?"

"నేనే అత్తమ్మా. రా లోపటికి."

"నాకు నువ్వే మంచిగున్నవ్ తియ్యి. నువ్వు నంబరడగవు."

మళ్లీ కులం కూర్చున్నది. ఈసారి నాగేందర్ ఇంటి వాకిట్లోనే కూర్చోబెట్టాడు, తాళం అందరికీ కనబడేట్టు. అందరూ దాన్ని ముట్టుకొని చూశారు. సాయిలు తెల్ల మీసం దువ్వుకుంటూ అసలు మాట అడిగాడు.

"అంత మంచిగనే ఉన్నది గని నాగేందరూ, దేవర ఉన్న ఇంటి తలుపు పగలు మూయొద్దాయె. ఇదేమొ మూసుకునే యంత్రమాయె. ఎట్ల మరి?"

నాగేందర్ ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాడు.

"పెద్దబాపూ, నంబరు తెల్వనోనికి అది మూసిన తలుపు. తెల్సినోనికి తెరిసిన తలుపే గద. నీ అసోంటోళ్లకు నంబరు చెప్పకుంట ఉంటనా?"

అని, ముసలాయనను మెల్లగా పక్కకు తీసుకుపోయి, చెవిలో నంబరు చెప్పాడు. "నీకొక్కనికే చెప్తున్న పెద్దబాపూ. ఇంకెవ్వనికి తెల్వది."

సాయిలు ముఖం వెలిగిపోయింది. డెబ్బై ఏండ్ల బతుకులో ఆయనకు ఎందరో దండాలు పెట్టారు, కండువాలు కప్పారు, కాని ఒక తలుపు నంబరు చెప్పినవాడు లేడు. తిరిగి వచ్చి గంభీరంగా కూర్చొని, దేవర ఈ ఏడు నాగేందర్ ఇంటికి వస్తాడని చెప్పాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ కౌసల్య కొంగు కండ్లకు ఒత్తుకున్నది.

అక్కడితో ఆగితే బాగుండేది. కాని మర్యాద అనేది ఉప్పిడి పిండి వంటిది, ఒకరికి పెట్టి ఇంకొకరికి పెట్టకుండా ఉండటానికి వీలులేదు. మరునాడు ఐలేశం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు, చాయ్ ముట్టలేదు.

"నాకు తెల్వదనుకుంటున్నవా బావా? ముసలాయనకు నంబరు చెప్పినవు. నేను నీ చెల్లె మొగన్ని. రేపు ఆపదొస్తె నేను తలుపు తట్టాల్నా? పరాయోన్నా నేను?"

నాగేందర్ ఆయననూ పక్కకు తీసుకుపోయాడు. కౌసల్య బియ్యం చెరుగుతూ చూస్తూనే ఉంది. ఇద్దరి తలలు దగ్గరయ్యాయి. ఐలేశం నవ్వుకుంటూ వచ్చి చల్లారిన చాయ్ తాగాడు.

ఆ తరువాత గోపాల్ వచ్చాడు. పండుగనాడు పెట్టెను నెత్తిన మోసేది ఆయనే, ఆయనకు చెప్పకపోతే ఎట్లా. ఇట్లా వాకిట్లో ఒక మూల, మందారం చెట్టు పక్కన, నంబరు చెప్పే జాగా ఒకటి ఏర్పడింది. వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోకుండా నేరుగా ఆ చెట్టు దగ్గరికే నడవటం మొదలుపెట్టారు. ప్రతి ఒక్కడికీ నాగేందర్ అదే మాట చెప్పాడు, "నీకొక్కనికే."

"అందరికి చెప్పేదానికి తాళమెందుకయ్యా, దండోర ఏపిస్తె అయిపోవు," అన్నది కౌసల్య.

"మనోళ్లే గదనే. మనోళ్లను నమ్మకపోతె ఎవలను నమ్ముతం?"

ఆ మాట విని ఆమెకు మనసు నిండింది. మొగుడు మంచివాడే, కొంచెం డాబు ఎక్కువ, అంతే అనుకున్నది.

పండుగ ముందరి రోజు కౌసల్య పెరుగు కోసం కృష్ణమ్మ దగ్గరికి పోయింది. కృష్ణమ్మ హాలియా సగం ఇండ్లకు పెరుగు పోస్తుంది, మిగతా సగానికి వార్తలు పోస్తుంది.

"నీ ఇంటి నంబరు మంచిగున్నది చెల్లె," అన్నది కృష్ణమ్మ ముంత నింపుతూ. "కూడితె తొమ్మిదొస్తదంట గద. మా అల్లుడు గూడ కొత్త బండికి గసోంటిదే కావాలంటున్నడు."

"నీకెవలు చెప్పిండ్రక్కా?"

"ఎవలో నాకొక్కదానికే చెప్పిండ్రు. పేరు చెప్పొద్దన్నరు."

ఇంటికి వచ్చి కౌసల్య ఉన్నది ఉన్నట్టు మొగుడికి చెప్పింది. నాగేందర్ అన్నం సగంలో లేచాడు. కాసేపటికి ఆమె దీపం పెట్టటానికి వచ్చేసరికి ఆయన తలుపు ముందు వంగి, కాగితం చూసుకుంటూ అంకెలు నొక్కుతున్నాడు.

"ఏం చేస్తున్నవ్?"

"బ్యాటరీలు సూస్తున్న. రేపు దేవరొస్తున్నడు గద."

తెల్లవారి ఇంటిల్లిపాదీ ఐలేశం ఇంటి దగ్గరికి పోయారు. పెట్టెను అక్కడి నుంచి సాగనంపి తీసుకురావాలి. నాగేందర్ కావాలనే తలుపుకు తాళం పడేట్టు మూశాడు. కులమంతా చూస్తుండగా నీలం అంకెలు నొక్కి దేవరకు స్వాగతం చెప్పాలని ఆయన ఏర్పాటు. దాన్ని వీడియో తీయటానికి ఒక మనిషిని కూడా పెట్టాడు. గేటు మీద ఫ్లెక్సీ రెపరెపలాడుతోంది. అందులో నాగేందర్ దేవర కంటే కొంచెం పెద్దగా ఉన్నాడు.

డోలు దెబ్బలతో, గజ్జెల చప్పుడుతో, బండారి చల్లుకుంటూ ఊరేగింపు ఇంటి ముందుకు వచ్చింది. ముందు గోపాల్ నెత్తి మీద దేవర పెట్టె. పెట్టెకు ఒక కట్టుబాటు ఉంది. ఒక గడప దాటాక ఇంకో గడప దాటేదాకా నేల మీద దించొద్దు. చేరాల్సిన ఇంటి తలుపు తెరుచుకోకపోతే బయల్దేరిన ఇంటికే మళ్లాలి. ఇన్నేండ్లలో ఆ అవసరం రాలేదు, ఎందుకంటే ఇన్నేండ్లలో దేవర ఎదురుగా తలుపు మూసినవాడు లేడు.

కౌసల్య బిందెతో గడప పక్కన నిలబడింది. పెట్టె రాగానే గోపాల్ కాళ్ల మీద నీళ్లు పోయాలి. నాగేందర్ మాత్రం ఇంకా గేటు దగ్గరే ఉన్నాడు.

"సారు, ఇంకొక్కసారి నడ్సుకుంట రాండ్రి. ఎండ మొఖం మీద పడ్డది," అంటున్నాడు వీడియో మనిషి.

ఎండ గోపాల్ ముఖం మీద కూడా పడుతోంది. సాయిలు చూశాడు. పెద్దరికం అంటే ఏమిటో చూపించే సమయం వచ్చిందనుకున్నాడు.

"నేను తెరుస్త, జరుగుండ్రి," అని తలుపు దగ్గరికి పోయి నంబరు కొట్టాడు. తాళం ఎర్రగా మెరిసి ఇంగ్లీషులో కాదన్నది.

"నీకు కండ్లు సరిగ కనవడ్తలెవ్వు పెద్దబాపూ," అని ఐలేశం ముందుకు వచ్చి కొట్టాడు. తాళం మళ్లీ కాదన్నది.

సాయిలు ఆయనను పైకీ కిందికీ చూశాడు. "నీకెట్ల తెల్సుర నంబరు? నాకొక్కనికే చెప్పిన అన్నడు."

"నాకొక్కనికే అన్నడు."

పెట్టె కింద నుంచి గోపాల్ గొంతు వినబడింది. "నాకు గూడ నాకొక్కనికేనాయె. జర జల్ది తెరువుండ్రి, మెడ వంగిపోతాంది."

అప్పుడు ఊరేగింపులో ఉన్నవాళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. డోలు కొట్టేవాడు కూడా కొట్టటం ఆపి, నెమ్మదిగా, తనకూ తెలుసని చెప్పాడు. ఇంకొకాయన తనదే సరైన నంబరని ముందుకు దూకి అదే నంబరు కొట్టాడు. అంతే, తాళం చెవులు పగిలేట్టు మొత్తుకోసాగింది. అంకెల మీద ఎర్రలైటు వెలిగి నిలిచిపోయింది. ఐదు నిమిషాల దాకా అది ఎవరి మాటా వినదు.

నాగేందర్ పరుగెత్తుకొచ్చాడు, చేతిలో కొబ్బరికాయతో.

"ఏమైందిరా నాగేందరూ?" అన్నాడు సాయిలు.

"ఎండకు... యంత్రం ఏడెక్కింది పెద్దబాపూ."

"ఎండకు నంబరు గూడ మారుతదా బావా?" అన్నాడు ఐలేశం.

"ఆపతికి చెవి ఇస్తరంట గద దీనికి," అని ఎవరో గుర్తు చేశారు. ఇచ్చారు. నాగేందర్ దానికి పసుపుకుంకుమ పెట్టి, దేవుని అర్రలో లక్ష్మి పటం కాళ్ల దగ్గర భద్రంగా దాచాడు. దేవుని అర్రేమో ఈ మూసిన తలుపుకు అవతల ఉంది. పెరటి తలుపుకు ఆయనే పొద్దున లోపలి నుంచి ఇనుప కడ్డీ వేశాడు.

కౌసల్య మొగుడి ముఖం చూసింది. నిన్నటి బ్యాటరీలు ఆమెకు ఇప్పుడు అర్థమయ్యాయి.

"నంబరు మార్చినవా?" అని ఎవరికీ వినబడకుండా అడిగింది.

"నిన్న."

"నాకు జెప్పలే."

"చెప్దామనే ఉంటి..."

ఆమె బిందె ఒక చంక నుంచి ఇంకో చంకకు మార్చుకున్నది. లోపల గోడవారగా ముగ్గు వేసి, పీట వేసి, ఒత్తి వేసి నూనె పోసి వచ్చింది. ఇన్నేండ్ల ఆశ ఆ తలుపుకు అవతల ఉంది, దేవర ఇవతల ఉన్నాడు, నడుమ ఏనుగు ముఖం జాగాలో ఎర్రలైటు ఉంది.

"పెట్టె మళ్లియ్యాల్సిందే ఉన్నది," అన్నాడు సాయిలు. ఆయనకు కట్టుబాటు కంటే "నాకొక్కనికే" అన్న మాట ఎక్కువ గుచ్చుకుంది.

"మా ఇల్లు తెరిసే ఉన్నది," అన్నాడు ఐలేశం. "గొర్రెపిల్లలు గూడ ఉన్నయ్."

అంతలో ఎర్రలైటు ఆరింది. నాగేందర్ ఒక్క గంతులో తలుపు దగ్గరికి పోయాడు. వంగాడు. వంగి, నంబరు కొట్టబోతూ, అలవాటుగా భుజం మీది కండువా తీసి అంకెల చుట్టూ పరదాలాగా పట్టుకున్నాడు. కులమంతా అది చూసింది. పెట్టెను మోసే గోపాల్ చూశాడు. పెండ్లాం చూసింది. మనోళ్లను నమ్మకపోతే ఎవలను నమ్ముతం అన్న మనిషి, మనోళ్లందరికీ, వెనకనున్న దేవరకూ కండువా అడ్డం పెట్టాడు.

అప్పుడు గుర్వమ్మ ఊగటం మొదలుపెట్టింది.

జుట్టు ముడి విప్పుకుపోయింది. కండ్లు పెద్దవయ్యాయి. "ఓర్రీ" అని ఒక కేక పెట్టింది. పూనకం వచ్చిందని నలుగురు ఆమెను పట్టుకున్నారు. ఒకరు నొసట బండారి రాశారు.

"ఎవలు తండ్రీ వచ్చింది?" అని సాయిలు చేతులు జోడించి అడిగాడు.

"మల్లన్నను. ఎండల నిలవెట్టిండ్రు నన్ను. ఏందిర గా తలుపు?"

"తాళం పడ్డది తండ్రీ."

"ఎవనికోసమేసిండు తాళం?"

నాగేందర్ కొబ్బరికాయ గుండెకు హత్తుకొని వచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నీ రక్షణకే దేవరా. దొంగలు రాకుంట."

"నువ్వు నాకు కాపలానా, నేను నీకు కాపలానా?"

నాగేందర్ కొబ్బరికాయ పక్కన పెట్టి దండం పెట్టాడు.

"నంబరేందిర?" అన్నాడు దేవర.

నాగేందర్ చుట్టూ చూశాడు. అందరూ చెవులు రిక్కించి ఉన్నారు. "లోపటికి పోయినంక చెప్త దేవరా. నీకొక్కనికే."

"గిప్పుడే చెప్పు. గట్టిగ చెప్పు."

కులపెద్ద ముందు అబద్ధమాడొచ్చు, పెండ్లాం ముందు బ్యాటరీలని చెప్పొచ్చు. దేవర అడిగితే ఏం చేస్తాడు పాపం. నాగేందర్ గొంతు సవరించుకొని, కండ్లు మూసుకొని చెప్పాడు.

"మునుపటి నంబరే దేవరా. ఎన్కకెళ్లి ముందటికి కొట్టాలె."

పెట్టె మోసే గోపాల్ తప్ప కులమంతా జేబుల్లోంచి ఫోన్లు తీసి రాసుకున్నారు. గోపాల్, "నాది గూడ ఎవలన్న రాయుండ్రి," అన్నాడు.

"నువ్వు జరుగు," అన్నాడు దేవర నాగేందర్‌తో. "కోడలు తెరవాలె."

కౌసల్య బిందె దించి, తడిచేతులు కొంగుకు తుడుచుకొని, వెనక నుంచి ముందుకు అంకెలు నొక్కింది. తలుపు తెరుచుకుంది. గోపాల్ కాళ్ల మీద నీళ్లు పోసింది. దేవర గడప దాటాడు. పెట్టె పీట మీద దిగింది. గుర్వమ్మ వెంటనే చల్లబడి, మామూలు గొంతుతో, "నాకు జరన్ని సల్లనీళ్లియ్యి పిల్లా," అన్నది.

అడిగింది దేవరా, అత్తమ్మా అని కౌసల్యకు ఆ పూటంతా అనుమానం పీడించింది. ఆమె దేవరను శంకించే మనిషి కాదు. కాని గుర్వమ్మ మంచినీళ్లు తాగుతూ తలుపు దిక్కు చూసి ఒకసారి నవ్వటం ఆమె కంట పడింది. చివరికి, ఇద్దరూ అడగాల్సిన మాటే అయినప్పుడు ఎవరు అడిగితే ఏమని ఆ ఆలోచన అక్కడితో వదిలేసింది.

అందరూ భోజనాల బంతిలో కూర్చున్నాక ఆమె ఒక పని చేసింది. తలుపును బార్లా తెరిచి, లోపలి వైపున్న బిళ్ల తిప్పింది. లావుపాటి ఇనుప గడియ బయటికి వచ్చి నిలబడ్డది. ఇక తలుపు మూయబోయినా అది చట్రానికి తగిలి ఆగిపోతుంది. దేవరకు వేసిన బంతిపూల దండల్లో మిగిలిన ఒకదాన్ని ఆ గడియకు తగిలించింది. చూడటానికి చక్కగా ఉంది. దుకాణం పిల్లవాడు చెప్పినట్టు గడియ నిజంగానే గట్టిది, ఎంత బరువైన దండకూ వంగలేదు.

నాగేందర్ వారం రోజులు తల దించుకొని తిరిగాడు. ఎనిమిదో రోజుకు ఆయన తల దానంతటదే లేచింది. దుకాణానికి వచ్చిన రైతులకు యూరియా కంటే ముందు ఆ ముచ్చటే చెప్పటం మొదలుపెట్టాడు.

"తాలూకాల ఎన్ని తాళాలన్న ఉండనియ్యి. దేవర నోరు తెరిసి నంబరడిగిన తలుపు మాదొక్కటే."

వీడియో కూడా ఉంది. అందులో కండువా అడ్డం పెట్టిన ముక్క కత్తిరించారు. హాలియాలో ఆ ఏడు నీలం లైట్ల తాళాలు బాగా అమ్ముడుపోయాయి. ఐలేశం రెండు కొన్నాడు, ఒకటి ఇంటికి, ఒకటి గొర్లదొడ్డికి.

ఏడాది తిరిగింది. పెట్టె ఏ ఇంటికి పోవాలో తేల్చటానికి కులం మళ్లీ నాగేందర్ వాకిట్లో కూర్చున్నది. సాయిలు మీసం దువ్వుకొని అర్హతలు చెప్పాడు. ఇల్లు సొంతదై ఉండాలి. ఇల్లాలు దీపం పెట్టేదై ఉండాలి. వాకిలికి నంబరు తాళం ఉండాలి.

"తాళమెందుకు మామా?" అని కౌసల్య అడిగింది.

"ఎందుకేందమ్మా? దేవర గడపల నిలవడి నంబరడుగుతడు, ఇంటాయన మోకాళ్ల మీద కూసొని చెప్పాలె. మన ఆనవాయితి గద."

కులమంతా అవునన్నది. తాతల నాటి నుంచీ అంతేనని ఒకాయన కూడా అన్నాడు.

"మరి పగలు తలుపు మూయొద్దన్నది?"

సాయిలు మళ్లీ మీసం దువ్వాడు. "అది పాత పద్ధతి బిడ్డా," అన్నాడు దయగా. "అప్పటి మందికి తాళాలు తెల్వవు."

అని లేచి, మోకాళ్ల నొప్పికి దేవరతో ఒక మాట చెప్పుకొని వస్తానని, ఎవరినీ ఏ నంబరూ అడగకుండా, తెరిచి ఉన్న తలుపులోంచి నేరుగా లోపలికి నడిచి బండారి పెట్టుకున్నాడు.